శాపమూ స్తుతీ: కీర్తనల ముందు లూయిస్, బోన్‌హోఫర్

తెలుగు క్రైస్తవ ఇళ్ళలో కీర్తనల గ్రంథానికి ఉన్న చనువు బైబిల్లో మరే పుస్తకానికీ లేదు. ప్రయాణానికి బయల్దేరేటప్పుడు 121, రోగి మంచం పక్కన 91, సమాధి దగ్గర 23, చేసిన తప్పుకు కుమిలేవాడికి 51. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేతికొచ్చే వాగ్దానపు కార్డు మీద కూడా చాలాసార్లు కనిపించేది కీర్తనల వచనమే. అయితే ఇదే పుస్తకంలో ఎవరూ కార్డు మీద అచ్చువేయని వచనాలున్నాయి. శత్రువు పిల్లలు ఊరూరా తిరిగి బిచ్చమెత్తుకోవాలని 109 కోరుతుంది. బబులోను పసిపిల్లల్ని రాతికేసి కొట్టేవాడు ధన్యుడని 137 అంటుంది. 88 చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. దేవునికి దగ్గరవుదామని ఈ పుస్తకం తెరిచిన విశ్వాసి ఈ పుటల దగ్గరికి వచ్చేసరికి చప్పుడు చేయకుండా తిప్పేస్తాడు. ప్రసంగ పీఠం మీది నుంచి కూడా వీటి మాట తరచుగా వినిపించదు.

అలా తిప్పేయకుండా ఆగి రాసిన చిన్న పుస్తకాలు ఇరవయ్యో శతాబ్దంలో రెండున్నాయి. ఒకటి జర్మన్ దైవశాస్త్రవేత్త డీట్రిష్ బోన్‌హోఫర్ 1940లో ప్రచురించిన 'దాస్ గెబెట్‌బుఖ్ డెర్ బీబెల్', అంటే బైబిల్లోని ప్రార్థన పుస్తకం. రెండోది ఆంగ్ల రచయిత సి. ఎస్. లూయిస్ 1958లో వెలువరించిన 'రిఫ్లెక్షన్స్ ఆన్ ద సామ్స్'. ఇద్దరూ క్రైస్తవులే, ఇద్దరూ కీర్తనల్ని రోజూ చదివినవాళ్ళే. కానీ పాఠకుణ్ణి కూర్చోబెట్టే చోటు వేరు. లూయిస్ పక్కన కూర్చుని, ఈ వచనం నీకు ఎందుకు మింగుడుపడలేదో చెప్పు అంటాడు. బోన్‌హోఫర్ మోకాళ్ళ మీద ఉండి, నీకు మింగుడుపడేదాకా ఆగకు, నాతో కలిసి చెప్పు అంటాడు. ఈ రెండు పద్ధతుల్లో ఏది మనిషిని దేవునికి దగ్గర చేస్తుందన్నదే ఇక్కడి చర్చ.

పుస్తకాలు పుట్టిన చోట్లు

బోన్‌హోఫర్‌కు అప్పుడు 34 ఏళ్ళు. హిట్లర్ ప్రభుత్వానికి తలవంచని కన్ఫెసింగ్ చర్చి కోసం 1935 నుంచి 1937 దాకా ఫింకెన్‌వాల్డెలో కాబోయే పాస్టర్లకు శిక్షణ ఇచ్చాడు. అక్కడ ఉదయం ప్రార్థనా సాయంత్రం ప్రార్థనా కీర్తనలతోనే సాగేవి. వంతులవారీగా, ఒక గుంపు తర్వాత ఒక గుంపు గొంతెత్తి చదివేవారు. 1937లో గెస్టపో ఆ సెమినరీని మూయించింది. అక్కడి సహజీవనాన్ని ఆయన 1939లో వచ్చిన 'గెమైన్‌సామెస్ లేబెన్' అనే పుస్తకంలో రాసిపెట్టాడు. ఆ మరుసటి ఏడాదే ఈ కీర్తనల పుస్తిక వచ్చింది. యూదుల హీబ్రూ గ్రంథమైన పాత నిబంధనను చర్చి నుంచి గెంటేయాలని నాజీ పక్షపు క్రైస్తవులు గోలపెడుతున్న కాలంలో, ఇది యేసు ప్రార్థన పుస్తకం అని అచ్చువేయడమే ఒక ఎదిరింపు. నాజీల రచయితల సంస్థ ఆయనకు జరిమానా విధించింది, 1941లో ఆయన రచనల ప్రచురణనే నిషేధించింది. ఆయన బతికుండగా అచ్చయిన చివరి పుస్తకం ఇదే. 1943 ఏప్రిల్లో అరెస్టయ్యాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఉరితీశారు.

లూయిస్ బతుకు వేరు. 59 ఏళ్ళ కేంబ్రిడ్జి ఆచార్యుడు. మధ్యయుగ సాహిత్యం, పునరుజ్జీవన కాలపు సాహిత్యం ఆయన పాఠాలు. యౌవనంలో నాస్తికుడు, 1931లో క్రైస్తవుడయ్యాడు. హీబ్రూ పండితుణ్ణి కానని మొదటి అధ్యాయంలోనే ఒప్పేసుకుంటాడు. తనలాంటి మామూలు చదువరికి ఎదురైన చిక్కుల్ని, దొరికిన వెలుగుల్ని పంచుకుంటున్నానంటాడు. ఆంగ్లికన్ చర్చి ప్రార్థన పుస్తకం 150 కీర్తనల్ని నెలకు సరిపడా పంచి, పొద్దునా సాయంత్రమూ చదివిస్తుంది. లూయిస్ చెవిలో నిలిచింది అందులోని మైల్స్ కవర్‌డేల్ అనువాదం, పదహారో శతాబ్దపుది. ఈ పుస్తకం తర్వాత ఆ అనువాదాన్ని సవరించే సంఘంలో కవి టి. ఎస్. ఎలియట్‌తో పాటు ఆయన కూడా కూర్చున్నాడు.

ఒకరిది నిఘా నీడలో రాసిన పుస్తిక, మరొకరిది విశ్వవిద్యాలయపు ప్రశాంతతలో రాసిన పన్నెండు అధ్యాయాల వ్యాసమాల. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి కానీ అన్నింటికీ దీన్నే కారణంగా చూపకూడదు. నిఘా ఉన్న ప్రతి పాస్టరూ కీర్తనల మీద ఇలా రాయలేదు, ప్రశాంతంగా ఉన్న ప్రతి ఆచార్యుడూ అలా రాయలేదు.

ఎవరి గొంతు?

కీర్తనలు చదివేటప్పుడు మాట్లాడుతున్నది ఎవరు? ఇద్దరూ విడిపోయేది ఇక్కడే.

లూయిస్‌కు కీర్తనలు మొదట కవితలు. పాడుకోవడానికి పుట్టిన గీతాలు. సిద్ధాంత గ్రంథంలానో ప్రసంగంలానో చదివితే ఉన్నది కనిపించదు, లేనిది కనిపిస్తుంది. అందుకే ముందు కవి గొంతు వినమంటాడు. ఆ కవి మూడు వేల ఏళ్ళ కిందటి యూదుడు కావచ్చు, కోపిష్టి కావచ్చు, పాపపు ఒప్పుకోలు కన్నా తన నిర్దోషిత్వాన్నే గట్టిగా చాటుకునేవాడు కావచ్చు. తీర్పు మీద రాసిన అధ్యాయం ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. దేవుని తీర్పు అనగానే క్రైస్తవుడు బోనులో నిలబడ్డ ముద్దాయిలా వణుకుతాడు. కీర్తనకారుడు మాత్రం తీర్పు రావాలని గంతులేస్తాడు. ఎందుకు? ఇది క్రిమినల్ కేసు కాదు, సివిల్ దావా అంటాడు లూయిస్. పొలం పోగొట్టుకున్న బీదవాడు ఏళ్ళ తరబడి విచారణ కోసం ఎదురుచూస్తున్నాడు. న్యాయాధిపతి దాకా వెళ్ళగలిగితే చాలు, గెలుపు తనదే. కోర్టు చుట్టూ తిరిగి చెప్పులరిగిన తెలుగు రైతుకు ఈ వ్యాఖ్య విడమరచి చెప్పనక్కర్లేదు.

బోన్‌హోఫర్ మొదలుపెట్టేది శిష్యులు యేసును అడిగిన కోరికతో: మాకు ప్రార్థించడం నేర్పు. అంటే ప్రార్థన దానంతటదే వచ్చేది కాదు. మనసులో ఉన్నదంతా కక్కేయడమే ప్రార్థన అనుకోవడం పొరపాటు, దానికి దేవుడు అక్కర్లేదు. తండ్రి మాటలు విని బిడ్డ మాట్లాడటం నేర్చుకున్నట్టే, దేవుని మాటలు తిరిగి దేవునికి చెప్పి మనం ప్రార్థన నేర్చుకుంటాం. మరి దేవుని వాక్యంలో మనుషుల ప్రార్థనలెలా చేరాయి? ఆయన జవాబు ఒక్కటే: అవి ముందు క్రీస్తు ప్రార్థనలు. దావీదు నోట పలికింది రాబోయే క్రీస్తే. సిలువ మీద యేసు పలికిన మాటల్లో 22, 31 కీర్తనలు ఉండటం అందుకే ఆయనకు అంత ముఖ్యం. ఇవాళ నేను కీర్తన చదివితే నా గొంతు క్రీస్తు గొంతుతో, సంఘం గొంతుతో కలుస్తుంది.

కీర్తనలు ఒకే భావాన్ని రెండు పాదాల్లో మార్చి చెబుతాయన్నది అందరికీ తెలిసిందే. ఈ ఒక్క చిన్న విషయంలో కూడా ఇద్దరి చూపు వేరని తెలుస్తుంది. ఏ భాషలోకి మార్చినా చెదరని కవితా లక్షణం ఇది, దేవుడే అలా ఏర్పాటు చేశాడేమో అని లూయిస్ మురిసిపోతాడు. యేసు మాటతీరులోనూ దాన్ని పట్టి చూపిస్తాడు. బోన్‌హోఫర్‌కు అందులో కవిత్వం కన్నా సంఘం కనిపిస్తుంది. హడావిడిగా ప్రార్థించడం అలవాటైన మనకు అది అనవసరంగా మళ్ళీ చెప్పినట్టుంటుంది కానీ, అది ప్రార్థనలో మునిగే తీరు అంటాడు. ఒకరి మాటను ఇంకొకరు అందుకుని కలిసి ప్రార్థించమనే పిలుపు ఆ రూపంలోనే ఉందంటాడు. పాస్టరుగారు ఒక వచనం, సంఘం ఒక వచనం చదివే మన పాత చర్చిల అలవాటు వెనుక ఉన్న తర్కం ఇదే. లూయిస్ వివరణ మంచి విమర్శకుడిది. కానీ ఈ ఒక్కచోట బోన్‌హోఫర్ చెప్పినదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అది చదివే తీరునే మార్చేస్తుంది.

శాపాల దగ్గర

అసలు పరీక్ష శాపాల కీర్తనలది. చిన్నపిల్లలు ఇష్టంలేని కూరను ముందు తినేసినట్టు, నచ్చని కీర్తనల్ని ముందు పెట్టుకుంటాడు లూయిస్. ఏమీ దాచడు. 109లోని ద్వేషాన్ని రాక్షసత్వమనే అంటాడు. అంతగా ప్రేమించే 23నీ వదలడు. శత్రువులు చూస్తుండగా భోజనం సిద్ధపరచడం గురించిన వచనంలో, నా వైభవం చూసి వాళ్ళు కుళ్ళుకోవాలన్న చిల్లర ఆనందం కూడా ఉందని గుచ్చి చూపిస్తాడు. తెలుగు విశ్వాసులు చాలామందికి ఈ పుట చదివితే గుండె కలుక్కుమంటుంది. అయితే ఆయన అక్కడితో ఆగడు. అన్యాయం చేసినవాడు ఎదుటివాడిలో ఎలాంటి విషం నాటుతాడో ఈ శాపాలు చూపిస్తాయంటాడు. నేను ఒకడికి అన్యాయం చేస్తే అతని ద్వేషానికి కూడా నేనే బాధ్యుణ్ణి. మరో అడుగు ముందుకేసి, కోపం రాకపోవడం అన్నివేళలా మంచితనం కాదంటాడు. యుద్ధకాలంలో రైలుపెట్టెలో విన్న కుర్ర సైనికుల మాటలు ఇక్కడ ఉదాహరిస్తాడు. నాజీల దారుణాల వార్తలు తమ ప్రభుత్వమే అల్లిన కట్టుకథలని వాళ్ళు నమ్మారు. అంత అబద్ధం ఆడుతోందనుకున్న ప్రభుత్వం మీద కూడా వాళ్ళకు కోపం రాలేదు. ఆ మొద్దుబారినతనం కన్నా కీర్తనకారుడి శాపమే నయమనిపించిందట. యూదులు ఇతరుల కన్నా ఘాటుగా శపించారంటే, వాళ్ళు మంచిచెడులను ఇతరుల కన్నా గట్టిగా పట్టించుకున్నారన్నమాట.

బోన్‌హోఫర్ ఈ కీర్తనల్ని వ్యాఖ్యానించడమే కాదు, వాటి మీద ప్రసంగించాడు కూడా. 1937 జూలై 1న కన్ఫెసింగ్ చర్చి నాయకుల్లో ఒకడైన పాస్టర్ మార్టిన్ నీమోలర్‌ను నాజీలు అరెస్టు చేశారు. పది రోజుల తర్వాత ఫింకెన్‌వాల్డెలో బోన్‌హోఫర్ ఎంచుకున్న వాక్యభాగం 58వ కీర్తన, దుష్టుల పళ్ళు విరగ్గొట్టమని దేవుణ్ణి అడిగే కీర్తన. ఎదుట కూర్చున్న యువకుల్లో ఎవరి తలుపు ఎప్పుడు తడతారో తెలియదు. ఆ స్థితిలో ఆయన చెప్పింది శత్రువును శపించమని కాదు. ఈ ప్రార్థన చేసే అర్హత పాపం లేనివాడికే ఉంది, అది మనం కాదు అన్నాడు. మూడేళ్ళ తర్వాత పుస్తకంలోనూ అదే వాదన. పగను దేవునికి వదిలేసినవాడు తన చేతిలోని పగను కింద పెట్టేస్తాడు. దేవుని ఉగ్రత నిజంగానే దిగింది, కానీ దిగింది శత్రువు మీద కాదు, సిలువ మీద నిర్దోషి మీద. ఆ సిలువ కిందికి వచ్చి ఈ కీర్తన చదివినవాడు చివరికి శత్రువును క్షమించక తప్పదు.

ఇద్దరిలో ఎవరిది గట్టి జవాబు? ప్రార్థన చేసేవాడి వైపు నుంచి చూస్తే బోన్‌హోఫర్‌దే. లూయిస్ శాపాన్ని అర్థం చేయిస్తాడు, దాన్ని నోటితో ఎలా పలకాలో చెప్పడు. పన్నెండో అధ్యాయంలో మాత్రం ఒక దారి చూపిస్తాడు. 137లోని బబులోను పిల్లలు నాలో పుట్టే చిన్న చిన్న దురాశలు, ముద్దుముద్దుగా ఉన్నప్పుడే వాటి తల పగలగొట్టాలి అని. వినసొంపుగా ఉంది కానీ నిజంగా పిల్లల్ని పోగొట్టుకున్న చెర యూదుడి దుఃఖం ఆ ఉపమానంలో ఆవిరైపోతుంది. బోన్‌హోఫర్ ఆ దుఃఖాన్ని ఆవిరి చేయడు, సిలువ దాకా మోసుకెళతాడు. కానీ ఆయనలోనూ లోటుంది. దెబ్బతిన్న మనిషి కోపాన్ని అప్పుడే తీసుకెళ్ళి క్రీస్తు చేతిలో పెట్టేయడంతో ఆ కోపానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరకదు. నిజాయితీ విషయంలో లూయిస్ పైచేయి, ఆచరణ విషయంలో బోన్‌హోఫర్ పైచేయి.

స్తుతి, ధర్మశాస్త్రం

స్తుతి మీద లూయిస్ రాసిన తొమ్మిదో అధ్యాయం ఈ రెండు పుస్తకాల్లోకీ అత్యంత మేలైన రచన. విశ్వాసంలోకి వస్తున్న రోజుల్లో ఆయన్ను ఒక అనుమానం వేధించింది. నన్ను పొగడండి, నన్ను పొగడండి అని దేవుడు అడగడమేమిటి? పొగడ్తలకు ఉబ్బిపోయే గొప్పింటి మనిషికీ దేవునికీ తేడా ఏమిటి? తర్వాత ఒక సంగతి తట్టింది. ఆనందించే మనుషులంతా పొగుడుతూనే ఉంటారు. ప్రేమికుడు, చదువరి, ఆటగాడు, కొండలు చూసివచ్చినవాడు, ఎవరూ ఊరుకోరు. పొగిడితే కానీ ఆనందం పూర్తికాదు. కాబట్టి స్తుతించమన్న ఆజ్ఞ దేవుని అవసరం కోసం కాదు, మన ఆనందం నిండటం కోసం. భక్తికి కావలసింది ఆకలి అని ఆయన వాదన. దేవుని సన్నిధి కోసం ఆ పాత యూదులకు ఉన్న తహతహ తన తరం మర్యాదస్తుల ఆరాధనలో లేదని నొచ్చుకుంటాడు. గంటల తరబడి పాటలు పాడే మన ఆరాధనలకు ఆకలి తక్కువని ఎవరూ అనరు. కానీ ఆ పాటల్లో పొగిడేది దేవుణ్ణా, మనకు దక్కిన మేళ్ళనా అని తేల్చుకోవడానికి ఈ అధ్యాయం పనికొస్తుంది.

ప్రకృతి మీద కూడా లూయిస్‌దే విస్తారమైన చూపు. క్రీస్తుపూర్వం పద్నాలుగో శతాబ్దపు ఈజిప్టు రాజు అఖెనాటెన్ సూర్యస్తోత్రాన్ని 104వ కీర్తన పక్కన పెట్టి చదువుతాడు. పోలికలకు భయపడడు, దేవుడు ఇతర జాతుల వాళ్ళకు కూడా వెలుగు చూపి ఉండవచ్చని సంతోషిస్తాడు. బోన్‌హోఫర్ సృష్టి కీర్తనల్ని క్లుప్తంగా దాటేస్తాడు. రక్షించిన దేవుని మాట విన్న తర్వాతే సృష్టికర్త ఎవరో తెలుస్తుందన్నది ఆయన పట్టు. జాతినీ నేలనూ రక్తాన్నీ పూజించే వాళ్ళు చుట్టూ ఉన్నప్పుడు ఆ పట్టు ఎందుకో తెలుస్తుంది. అయినా, పొలం గట్టు మీద నిలబడి 65వ కీర్తన చదివే రైతుకు లూయిస్ ఇచ్చినంత ఆయన ఇవ్వడు.

119 దగ్గర మాత్రం తూకం మారుతుంది. 176 వచనాలు, 22 హీబ్రూ అక్షరాలు, అక్షరానికి ఎనిమిది చొప్పున. మొదటి నుంచి చివరి దాకా ధర్మశాస్త్రం మీద ప్రేమ. లూయిస్ దీన్ని ఓపికగా వేసిన కుట్టుపనితో పోలుస్తాడు. ఆజ్ఞలు తేనె కన్నా తియ్యగా ఎలా ఉంటాయని ముందు తలపట్టుకుని, తర్వాత ఒప్పుకుంటాడు. చుట్టుపక్కల జాతుల ఘోరాల మధ్య, కాలు మోపితే కుంగని సత్యం దొరికినందుకు కలిగిన సంతోషం అది అంటాడు. వెంటనే ఆ సంతోషం పరిసయ్యుల గర్వంగా మారే ప్రమాదాన్నీ హెచ్చరిస్తాడు. ఇది చక్కని వివరణ, కానీ బయటినుంచి చేసిన వివరణ. బోన్‌హోఫర్ ఆ కీర్తనలో కాపురమే పెట్టాడు. ఒకే మాట పదేపదే వచ్చినా విసుగు రాదు, దేవుని వాక్యాన్ని ప్రేమించడమనే ఒక్క సంగతికి అంతులేదు కాబట్టి అంటాడు. 1939-40 మధ్య ఆ కీర్తన మీద ధ్యానం మొదలుపెట్టి 21వ వచనం దాకా రాశాడు. మిగతాది రాయడానికి రోజులు కలిసిరాలేదు.

క్రీస్తును ఎక్కడ చూడాలి?

కీర్తనల్లో క్రీస్తు ఉన్నాడని ఇద్దరూ నమ్ముతారు. లూయిస్ దాన్ని చివరికి అట్టేపెట్టి, నెమ్మదిగా, వాదించి రాబడతాడు. ముందు వర్జిల్ నాలుగో గోపగీతాన్ని, నీతిమంతుడు అందరి చేతా హింసలుపడి చంపబడతాడన్న ప్లేటో ఊహను చూపించి, రాసినవాడికి తెలియని అర్థం కూడా ఒక రచనలో ఉండగలదని ఒప్పిస్తాడు. అప్పుడు 22, 45, 68, 110 తెరుస్తాడు. లేఖనంలో మానవ దోషాలన్నీ అలాగే ఉన్నాయని, ఆ మొత్తం దేవుని వాక్యాన్ని మోస్తుందని చెబుతాడు. అనుమానపడే చదువరికి ఈ నెమ్మదితనం ఎంతో మేలు చేస్తుంది.

బోన్‌హోఫర్ వాదించడు. క్రీస్తుతోనే మొదలుపెట్టి, కీర్తనల్ని సృష్టి, ధర్మశాస్త్రం, రక్షణ చరిత్ర, మెస్సీయ, సంఘం, జీవితం, బాధ, అపరాధం, శత్రువులు, అంతం అని పది విషయాలుగా విడదీసి, ప్రభువు నేర్పిన ప్రార్థనలోకి వాటన్నింటినీ చేరుస్తాడు. ఇందులో ఒక చిక్కుంది. 150 కీర్తనలూ క్రీస్తువే అయితే, వాటిని రాసి పాడి కాపాడిన యూదుడికి మిగిలేదేమిటి? పుస్తకంలో దీనికి తగిన జవాబు లేదు. జవాబు ఆయన బైబిలు అంచున ఉంది. 1938 నవంబరు 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల సమాజమందిరాలు తగలబడ్డాయి. ఆయన 74వ కీర్తనలో దేవుని మందిరాలన్నీ కాల్చేశారని మొరపెట్టే ఎనిమిదో వచనం పక్కన ఆ తేదీ రాసుకున్నాడు. ఆ అంచున కీర్తన మళ్ళీ యూదుల మొరే అయింది. తన సిద్ధాంతం కన్నా ఆయన చదువు విశాలమైనదని దీనివల్ల తెలుస్తుంది.

పుస్తకాల తర్వాత

ఇద్దరి పుస్తకాల్లోనూ ఒక్కో ఖాళీ ఉంది. వింతేమిటంటే ఆ ఖాళీని తర్వాత వాళ్ళ జీవితమే పూరించింది.

లూయిస్ పన్నెండు అధ్యాయాల్లో మరణం మీద ఒకటుంది. పాత నిబంధన యూదులకు పరలోకపు ఆశ స్పష్టంగా లేకపోవడం మంచికే జరిగిందని, ప్రతిఫలం ఆశించకుండా దేవుణ్ణి దేవుని కోసమే కోరుకోవడం అలా అలవడిందని అందులో వాదిస్తాడు. కానీ మొరకు, విలాపానికి విడిగా అధ్యాయం లేదు. దేవా, ఎంతకాలం దాక్కుంటావు అని అరిచే కీర్తనలు గ్రంథం నిండా ఉన్నా, ఆయన వ్యాసాల్లో వాటి గొంతు పలచన. ఆ రోజుల్లో ఆయన భార్య జాయ్ డేవిడ్‌మన్ క్యాన్సర్ నుంచి కొంత తేరుకుంది. 1960 జూలైలో ఆమె చనిపోయింది. మరుసటి ఏడాది ఎన్. డబ్ల్యు. క్లెర్క్ అనే మారుపేరుతో 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్' వచ్చింది. అందులో దేవుని ఇంటి తలుపు తన ముఖం మీదే మూసుకుపోయిందని, లోపల గడియ పడిన చప్పుడు వినిపించిందని మొత్తుకుంటాడు. 1958 పుస్తకంలో పలచనగా ఉన్న 13, 88 కీర్తనల గొంతు ఈ చిన్న పుస్తకంలో గట్టిగా వినిపిస్తుంది. అధ్యాయంగా రాయనిది మొరగా బయటికి వచ్చింది.

బోన్‌హోఫర్ పుస్తకంలో బాధకు తగిన చోటుంది. కీర్తనకారుడు బాధను దాచడు, తేలిక చేయడు, దేవునితోనే పోట్లాడతాడని గట్టిగా చెబుతాడు. ఆయనలో లేనిది నిదానం. ప్రతి మొరనూ వెంటనే క్రీస్తు మొరగా మార్చే తొందర ఉంది. బెర్లిన్ టేగెల్ జైలు నుంచి 1943 మేలో తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో, ఏళ్ళ తరబడి చేస్తున్నట్టే కీర్తనల్ని రోజూ చదువుతున్నానని, ఇంతగా తెలిసి ప్రేమించిన పుస్తకం మరొకటి లేదని చెప్పాడు. అదే ఏడాది డిసెంబరులో మిత్రుడు ఎబర్‌హార్డ్ బెట్‌గెకు రాస్తూ, పాత నిబంధనను ఎక్కువగా చదువుతున్నానని, క్రొత్త నిబంధనలోకి మరీ తొందరగా, నేరుగా దూకేయడం క్రైస్తవం కాదని అన్నాడు. చివరి మాటకు ముందరి మాటను ముందు పలకాలన్నది ఆయన భావం. 1940 పుస్తకం మీద ఇంతకన్నా పదునైన విమర్శ మరొకరు చేయనక్కర్లేదు. ఆయనే చేసుకున్నాడు.

అంటే కీర్తనల్ని ఒకవైపు నుంచి పట్టుకున్న ప్రతివాణ్ణీ అవి రెండోవైపుకు లాగాయి. విశ్లేషించిన లూయిస్‌ను మొరపెట్టించాయి. క్రీస్తు పేరుతో ప్రార్థించిన బోన్‌హోఫర్‌ను ఆ పాత యూదుడి పక్కన కూర్చోబెట్టాయి. దేవునితో సంబంధం గాఢమవడమంటే ఇష్టమైన వచనాలు పెరగడం కాదని, ఇష్టంలేని వచనాలకు కూడా మనలో చోటు దొరకడమని వాళ్ళిద్దరూ తమ తర్వాతి పుటలతో ఒప్పుకున్నట్టే.

మన చదువుకు

తెలుగు క్రైస్తవులకు కీర్తనల మీద పాటలకు కొదవ లేదు. పందొమ్మిదో శతాబ్దపు క్రైస్తవ గీతకర్త పురుషోత్తమ చౌదరి నాటి నుంచి మన సంఘాలు పాటతోనే వేదాంతం నేర్చుకున్నాయి. మనకు తక్కువైంది పాటకు ఎక్కని కీర్తనలతో సాంగత్యం. కార్డు మీద వచనం తప్పు కాదు. కానీ ఏడాదంతా ఆ ఒక్క వచనంతో గడిపితే, దేవుడు మనకు ఎప్పుడూ దీవెనలే పలుకుతాడనీ మనం ఎప్పుడూ స్తోత్రాలే చెప్పాలనీ ఒక భ్రమ ఏర్పడుతుంది. పంట పోయినవాడు, బిడ్డను పోగొట్టుకున్నవాడు, కులం పేరు చెప్పి అవమానించబడ్డవాడు ఆ భ్రమలో ఇమడలేడు. ఆరాధనలో నోరు మూసుకుని వెనక బెంచీలో కూర్చుంటాడు. 109, 88 అలాంటివాడి కోసమే ఆ పుస్తకంలో ఉన్నాయి.

ఈ రెండు పుస్తకాల్లో ఒకటే చదవడానికి తీరిక ఉందంటే ఎవరికి ఏది? విశ్వాసంలో ప్రశ్నలున్నవారికి, వచనాలు చదివి ఉలిక్కిపడినవారికి, చర్చి బయట నిలబడి లోపలికి చూస్తున్నవారికి లూయిస్. ఆయన ఎవర్నీ గద్దించడు, ఎదుటివాడి అభ్యంతరాన్ని వాడికన్నా బాగా చెప్పి మరీ జవాబు వెతుకుతాడు. ప్రార్థించాలని కూర్చుని మాటలు రాక లేచిపోయేవారికి, రోజూ అవే నాలుగు మాటలు అప్పజెప్పి విసిగినవారికి బోన్‌హోఫర్. ఆయన మాటలు అరువిస్తాడు, ఆ అరువు సిగ్గుపడాల్సింది కాదని నచ్చజెబుతాడు. విమర్శగా చూస్తే లూయిస్ గొప్పవాడు. ప్రార్థన నేర్పడంలో బోన్‌హోఫర్ ఒక మెట్టు పైన ఉంటాడు. దేవునికి దగ్గరవడం గురించిన పుస్తకాన్ని ప్రార్థన నేర్పిందా లేదా అన్న కొలతతోనే కొలవాలి కాబట్టి, తుది తూకంలో నా మొగ్గు చిన్న పుస్తిక వైపే.

అయితే రెండింటి కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. రోజుకు అయిదు కీర్తనల చొప్పున చదివితే నెలకు 150 అవుతాయి. ఒక్క నెల, ఒక్కటి కూడా వదలకుండా, శాపాలతో సహా, గొంతెత్తి చదవండి. వీలైతే ఇంట్లో ఇద్దరు కలిసి వంతులవారీగా చదవండి. ఎక్కడ నోరు తడబడిందో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత లూయిస్‌నో బోన్‌హోఫర్‌నో తెరిస్తే, వాళ్ళను ఏం అడగాలో మీకు తెలిసి ఉంటుంది.